లింకను తొలి యోటమి

1861లో అమెరికా అధ్యక్షుడై, 1865లో హంతకుని తుపాకిగుండునకు బలియైన అబ్రహాం లింకను పేరు విననివారుండరు. ఆ మహనీయుడు మొట్టమొదట నిలిచిన యెన్నికలో ఓడిపోయెనను సంగతి మాత్రము కొందరికే తెలియును.

లింకను 1809లో కెంటకీ రాష్ట్రమున దుంగలతో కట్టిన గుడిసెలో పుట్టెను. తొమ్మిదవ యేట తల్లి మరణించెను. బడికి పోయిన దినములన్నియు కూడినను ఒక సంవత్సరము కాదు. 1831లో అతడు ఇల్లినాయ్ రాష్ట్రమందలి న్యూ సేలం అను పల్లె చేరి, ఒక అంగడిలో గుమాస్తాగా కుదిరెను.

మరుసటి యేడు మార్చిలో, ఇరువది మూడేండ్ల ఆ గుమాస్తా రాష్ట్ర శాసనసభకు అభ్యర్థిగా నిలిచెను! ధనము లేదు, బంధుబలము లేదు. సంగమన్ నదిని బాగుచేసి పడవలు నడిపింపవలెననియు, అధిక వడ్డీలను అరికట్టవలెననియు, అందరికిని చదువు రావలెననియు తన ప్రకటనలో ఓటర్లకు తెలిపెను. అంతలో యుద్ధము వచ్చెను. తమ పూర్వపు నేలకు మరలివచ్చిన ఆదివాసుల నాయకుడగు బ్లాక్ హాక్‌పై ప్రభుత్వము దండెత్తగా, లింకను సేనలో చేరెను. తోడి సైనికులు అతనినే తమ కెప్టెనుగా ఎన్నుకొనిరి. పోరు మాత్రము అతడు చూడలేదు. జులైలో విడుదలై, గుఱ్ఱమును దొంగలెత్తుకొనిపోగా, కొంత నడచియు, కొంత పడవపైనను ఊరు చేరునప్పటికి ఎన్నికకు కొలది దినములే మిగిలెను.

సంగమన్ కౌంటీకి, అనగా ఆ జిల్లాకు, 4 స్థానములు. పోటీచేసినవారు 13 మంది. ఆనాడు అచ్చట చీటీలు లేవు. ఓటరు అధికారి యెదుట నిలిచి, తన కిష్టులైనవారి పేర్లను నలుగురు వినునట్లు చెప్పవలెను. ఆగస్టు 6న ఎన్నిక జరుగగా లింకను ఎనిమిదవవాడయ్యెను. అయినను న్యూ సేలంలో 300 ఓట్లలో 277 అతనికే వచ్చెను. ఆ పల్లెవారిలో పలువురు రాజకీయములలో ఎదుటి పక్షమువారే! ఎరిగినవారు అతని పేరు పలికిరి, ఎరుగనివారు పలుకలేదు.

పిమ్మట భాగస్వామితో కలిసి నడపిన దుకాణము దివాలా తీసి, అప్పులు మీద పడెను. 1833లో పోస్టుమాస్టరు పని దొరకెను. ఉత్తరములను టోపీలో పెట్టుకొని చేరవేసెడివాడట. సర్వేయరు పని అంతకంటె మేలుచేసెను. భూములు కొలుచుచు జిల్లాయంతట తిరుగుటచే, ఎరుగనివారు ఎరిగినవారైరి. 1834లో గెలిచిన నలుగురిలో అతనిది రెండవ స్థానము. శాసనసభ కూడు వాండేలియాకు చిరిగిన బట్టలతో పోరాదు గదా! పరిచయస్థుని వద్ద అప్పు పుచ్చుకొని, క్రొత్త దుస్తులు కుట్టించుకొని వెళ్లెను.

ప్రజలు నేరుగా ఓట్లు వేసిన యెన్నికలో అతడు మరెన్నడును ఓడలేదు. దుకాణపు బాకీ తీరుటకు మాత్రము పెక్కేండ్లు పట్టెను.