కావ్యకంఠ గణపతి ముని: దేహము, ప్రాణము, మనస్సు

మానవపాడు, అలంపురము ప్రాంతముల జనులు తమ దేవతను జోగులాంబ యని కొలుతురు. జోగు అనునది యోగ శబ్దమునకు తద్భవము, జోగి యనునది యోగికి తద్భవము. సంస్కృతమున అంతటి గౌరవము గల మాట మన పల్లెలలో ఇంటింటికి బిచ్చమునకు వచ్చువానికి పేరై దిగజారినది. నేడు మరల దానికి మంచి దినములు వచ్చినవి. 2014లో ఐక్యరాజ్యసమితి జూన్ 21ని అంతర్జాతీయ యోగదినముగ ప్రకటించినది. 2015 నుండి ప్రతి సంవత్సరము విద్యాలయములందు బాలురచే ఆసనములు వేయించుచున్నారు. సంతోషింపదగిన విషయమే. అయితే దేహారోగ్యము, మనశ్శాంతి అను రెండు ఫలములను మనము ఒక్క ఊపిరిలో కలిపి పలుకుచున్నాము. అవి రెండును ఎల్లప్పుడు కలసియే వచ్చునా? ఈ విచారమునకు కావ్యకంఠ గణపతి ముని జీవితము చక్కగ ఉపకరించును. మన పండితులు ఆయన ఆశుకవిత్వమును కొనియాడి అంతటితో విరమింతురు. ఆయన దేహము పడిన పాటును, మనస్సు వెదకిన విశ్రాంతిని పరిశీలించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

అయ్యలసోమయాజుల గణపతిశాస్త్రి 1878 నవంబరు 17న బొబ్బిలి ప్రాంతమునందలి కలువరాయి గ్రామమున జన్మించిరి. తండ్రి నరసింహశాస్త్రి, తల్లి నరసమాంబ. పుత్రజనన సమయమున తండ్రి కాశిలో డుంఠిగణపతి సన్నిధిని ఉండుటచే ఆ పేరు పెట్టిరని వంశమున ప్రసిద్ధి. శిశువు ఆరోగ్యవంతుడు కాడు. ఐదారేండ్ల ప్రాయము వరకు మాట రాక, మూర్ఛలతో బాధపడెననియు, కాల్చిన ఇనుముతో వాతలు పెట్టిన పిదప రోగము నెమ్మదించెననియు చరిత్రకారులు వ్రాసిరి. దీనిని కూడ దైవలీలలలో చేర్చినవారు కలరు. అట్లు చేర్చనవసరము లేదు; నాటువైద్యమునకు చెందవలసిన యశస్సును దానికే విడుచుట న్యాయము. మాట వచ్చిన తరువాత మాత్రము ఆ బాలుని వేగమునకు అడ్డు లేకపోయినది. పదేండ్లు నిండునప్పటికి పద్యములు చెప్పుట, పంచాంగము గుణించుట అలవడినవి.

పదునెనిమిదవ యేట తపస్సు కొరకు ఇల్లు విడిచి కాశి, నాసిక, భువనేశ్వరము మొదలగు క్షేత్రములు తిరిగిరి. 1900లో నవద్వీప పండితసభలో ఆశుకవితచే మెప్పించి కావ్యకంఠ బిరుదమును పొందిరి. అప్పటికి ఇరువదిరెండేండ్లైనను నిండలేదు. ఆ సభావృత్తాంతము అందరెరిగినదే కనుక విస్తరింపను. గమనింపవలసినది వేరొకటి. బిరుదము వచ్చినది, శిష్యులు చేరిరి, వేలూరున అధ్యాపకత్వము లభించినది. మంత్రజపము ఏండ్ల తరబడి నియమముతో సాగినది. అయినను చిత్తము కుదుటపడలేదు. పతంజలి చిత్తవిక్షేపములైన అంతరాయములను పరిగణించుచు వ్యాధిని మొదట పేర్కొని, సంశయమును దానికి సమీపముననే ఉంచెను. బాల్యమున మొదటిదానిని అనుభవించిన గణపతిశాస్త్రికి యౌవనమున రెండవది సంప్రాప్తించినది. తాను చేసినది తపస్సేనా అను సంశయమది.

ఉద్యోగము విడిచి అరుణాచలము చేరి, 1907 నవంబరు 18న, కార్తిక సోమవారమున, మిట్టమధ్యాహ్నపు ఎండలో కొండయెక్కి విరూపాక్షగుహ యొద్ద నున్న బ్రాహ్మణస్వామి పాదములపై వ్రాలిరి. చదువదగినదంతయు చదివితిని, జపమును చేసితిని, తపస్సు అనగా ఏమో ఇంకను తెలియలేదని విన్నవించిరి. నేను అను భావము ఎచ్చట నుండి పుట్టుచున్నదో కనిపెట్టిన మనస్సు అందే లయించుననియు, జపము చేయునప్పుడు ఆ మంత్రధ్వని ఎచ్చట నుండి వెలువడుచున్నదో గమనించిన మనస్సు అచ్చటనే లయించుననియు, అదియే తపస్సనియు సమాధానము లభించినది. ఆ యువస్వామి పూర్వనామమైన వేంకటరామునిలో నుండి రమణ శబ్దమును గ్రహించి, భగవాన్ శ్రీరమణమహర్షి యని లోకమునకు ప్రకటించినది గణపతిశాస్త్రియే. వయస్సున తనకంటె చిన్నవానిని, శాస్త్రాధ్యయనము లేనివానిని బిరుదాంకితుడైన పండితుడు గురువుగా వరించుట మన విద్వల్లోకమున అరుదు. రమణాశ్రమవాసులు మాత్రము గణపతిశాస్త్రిని నాయన యని పిలిచిరి. ఉమాసహస్రము ఆ కృతజ్ఞతా ఫలము.

యోగాభ్యాసకులు విశేషముగ చదువదగినది మునిప్రణీతమైన రమణగీత. 1913 నుండి 1917 వరకు నడచిన ప్రశ్నోత్తరములను పదునెనిమిది అధ్యాయములుగ, మూడువందల శ్లోకములుగ ఆయన కూర్చిరి. ఆరవ అధ్యాయము మనోనిగ్రహమును గూర్చినది. వాసనాబలముచే పరుగులిడు మనస్సును ప్రాణరోధముచే నిలుపవచ్చునని అందు చెప్పబడినది. కట్టుత్రాడుచే పశువు నిలిచినట్లు మనస్సు నిలుచును. ప్రాణరోధమనగా ముక్కు బిగబట్టుట యని తలచువారికి ఇచట ఒక సవరణ కలదు. ఊపిరిని మనస్సుతో ఎడతెగక గమనించుటయే ప్రాణరోధము. ఆ గమనికచేతనే కుంభకము సిద్ధించును. అది శక్యము కానివారికి హఠమార్గము విధింపబడినది. రేచకమునకు ఒక మాత్ర, పూరకమునకు ఒక మాత్ర, కుంభకమునకు నాలుగు మాత్రలు. దానిచే నాడులు శుద్ధి చెందిన పిదప ప్రాణము క్రమముగ నిలుచును. ఇక జ్ఞానమార్గమున దేహాత్మభావమును విడుచుట రేచకము, ఆత్మాన్వేషణము పూరకము, స్వరూపస్థితి కుంభకము.

ఈ క్రమమున ఊపిరిని గమనించుట ముందు, ఊపిరిని బంధించుట తరువాత వచ్చుట చూడుడు. నేడు పెక్కుచోట్ల క్రమము తలక్రిందులైనది. ఉపనయనమైన వటువునకు సంధ్యావందనమున ప్రాణాయామము నేర్పు మన పాఠశాలలలో సైతము వ్రేళ్ళు నాసికపై నుండును, మనస్సు భోజనశాలలో నుండును.

హఠయోగప్రదీపిక యుక్తమైన ప్రాణాయామము సర్వరోగములను హరించుననియు, అయుక్తమైనది రోగములను పుట్టించుననియు ఒకే చోట చెప్పినది. మొదటి భాగము ప్రచారమున నున్నది, రెండవ భాగము గ్రంథముననే యున్నది. గణపతి ముని ప్రాణవిద్యయందు అనధికారి కాడు, ఏమరుపాటు గలవాడు కాడు. అట్టివానికే 1922లో అరుణాచలమున చూతగుహలో తపస్సు చేయుచుండగా తీవ్రమైన శరీరబాధ కలిగినది. దేహమంతయు దహించిపోవునంతటి తాపము, శిరస్సున భరింపరాని ఒత్తిడి. తుదకు కపాలభేదమైనదనియు, శిరస్సునుండి ధూమము వంటిది వెడలుట చూచితిమనియు సన్నిహితులు చెప్పిరి. తైత్తిరీయ శీక్షావల్లిలో శీర్షకపాలముల ప్రసక్తి ఉండుటచే విద్వాంసులు దీనిని శ్రుతితో సమన్వయించిరి. ఆయన మాట, శిష్యుల మాట తప్ప మనకు వేరొక ప్రమాణము లేదు. నేను దానిని కాదనను. అయితే ఆప్తవాక్యమును ప్రత్యక్షముగ చెలామణి చేయుట నైయాయికులు మెచ్చు పని కాదు. నాకు ముఖ్యముగ తోచినది మరియొకటి. ఆ తాపమునకు మహర్షి తలకు నూనె రాయించిరని చరిత్ర చెప్పుచున్నది. ఘోరతపస్సువలన కలిగిన బాధకు మరింత ఘోరమైన తపస్సు విధింపబడలేదు, తైలము విధింపబడినది. ఇంద్రాణీసప్తశతి ఆ కాలపు రచన.

తదుపరి పదునాలుగేండ్లు ఆయన ఆ దేహముతోనే సంచరించిరి. 1924లో బెళగాములో కాంగ్రెసు మహాసభ సమయమున అస్పృశ్యత శాస్త్రసమ్మతము కాదని వాదించిరి. 1928లో పుదుచ్చేరి వెళ్ళి శ్రీఅరవిందులను దర్శించిరి. చివరకు ఖరగపురమునకు సమీపమునందలి నింపురాలో శిష్యులు ఏర్పరచిన ఆశ్రమమున నిలిచి, 1936 జూలై 25న దేహము చాలించిరి. అప్పటికి ఆయనకు 57 ఏండ్లు. యోగము దీర్ఘాయువునిచ్చునని చెప్పువారు ఈ సంఖ్యను దాటవేయుదురు. ఆయన శిష్యుడు కపాలిశాస్త్రి, తెలుగున నాయన అను చరిత్రను వ్రాసిన గుంటూరు లక్ష్మీకాంతము దానిని దాచలేదు. వారి రచనలలో కడపటి దినములందు కనిపించు గణపతి ముని 1907లో ఎండలో కొండయెక్కిన సంశయాత్ముడు కాడు. వ్రాతప్రతులను నటేశన్ ఏండ్ల తరబడి స్వహస్తముతో ఎత్తివ్రాసి కాపాడగా, అవి పండ్రెండు సంపుటములై తిరువణ్ణామలైలో అచ్చయినవి.