పేరు దాచిన ఇంజనీరు

గగారిన్ పేరు మనకి తెలుసు, ప్రతి క్విజ్‌లోనూ అడుగుతారు. మరి గగారిన్‌ని పైకి పంపిన మనిషి ఎవరు? ఆయన బ్రతికున్నన్నాళ్లూ ఆ పేరు సొంత దేశంలో జనానికే తెలీదు.

ఆయన సెర్గీ కొరొలెవ్. 1907లో ఇప్పటి ఉక్రెయిన్‌లోని జితొమిర్‌లో పుట్టారు. అమ్మానాన్నలు విడిపోతే అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరిగారు. ఎగరడమంటే పిచ్చి. 17 ఏళ్లకే గ్లైడర్, అంటే ఇంజను లేని విమానం, డిజైను గీశారు. 1933లో మాస్కోలో స్నేహితులతో కలిసి తయారుచేసిన రాకెట్ ఎగిరింది.

1938లో, స్టాలిన్ కాలంలో, తప్పుడు నేరం మోపి పట్టుకుపోయారు. కొట్టారు. ఎక్కడో తూర్పు చివర కొలిమా బంగారు గనికి పంపారు. చలి, ఆకలి, స్కర్వీ. (సి విటమిన్ లేకపోతే వచ్చే జబ్బు, సైన్సులో చదివాం గదా!) చాలా పళ్లు ఊడిపోయాయి. తర్వాత ఖైదీ ఇంజనీర్లు పనిచేసే ఆఫీసుకి మార్చి, 1944లో వదిలారు. ఏ నేరమూ చేయలేదని ప్రభుత్వం ఒప్పుకునేసరికి 1957 వచ్చింది.

అదే ఏడాది అక్టోబరు 4న ఆయన రాకెట్ 83.6 కిలోల స్పుత్నిక్‌ని పైకి చేర్చింది. 1961 ఏప్రిల్ 12న గగారిన్ 108 నిమిషాల్లో వెళ్లి వచ్చాడు. పేపర్లో మాత్రం చీఫ్ డిజైనర్ అనే రాసేవారు. ఆయన రాసిన వ్యాసాలకి కూడా వేరే పేరే!

1966 జనవరి 14న ఆపరేషను బల్ల మీదే పోయారు. ఖైదులో విరిగిన దవడ సరిగా అతకక, గొంతులోకి గొట్టం దించడం డాక్టర్లకు కష్టమైందని చెబుతారు. అప్పుడు పేపర్లో పేరు, ఫోటో పడ్డాయి.

ఆయనుంటే రష్యావాళ్లే ముందు చంద్రుడి మీద దిగేవారని కొందరి వాదన. నాకు నమ్మకం లేదు. ఆయన మొదలుపెట్టిన ఎన్-1 రాకెట్ అడుగు భాగంలో 30 ఇంజన్లు. అన్నిటినీ కలిపి నేల మీద ఒక్కసారీ మండించి చూడలేదు, డబ్బూ చాల్లేదు. 1969 నుంచి 1972 దాకా నాలుగుసార్లు పంపితే నాలుగుసార్లూ పోయింది. ఆయనుంటే ఎప్పటికైనా ఎగిరేదేమో గానీ, 1969 జూలైకి మాత్రం కాదు.

అసలు కొలిమా నుంచే తిరిగి రాకపోతే? ఉపగ్రహం సంగతికొస్తే అమెరికా 1958 జనవరిలోనే పంపింది, నాలుగు నెలలే తేడా. కానీ సోయుజ్ నౌక పుట్టింది ఆయన ఆఫీసులోనే. మనిషితో అది మొదటిసారి ఎగిరింది 1967లో, ఆయన పోయాక. 1971లో మొదటి అంతరిక్ష కేంద్రం సాల్యూట్-1కి మనుషులు వెళ్లింది దాంట్లోనే. హైదరాబాదులో చదువుకున్న రాకేష్ శర్మ 1984 ఏప్రిల్‌లో సాల్యూట్-7కి వెళ్లిందీ సోయుజ్‌లోనే.