సోమనాద్రి మట్టికోట

కృష్ణా తుంగభద్రా నదుల నడుమనున్న ప్రాంతమును నడిగడ్డ యందురు. అందు గద్వాల పట్టణము కలదు. ఆ పట్టణములోని పురాతనమైన కోటను కట్టించినవాడు పెద సోమభూపాలుడు. ప్రజలు ఆయనను సోమనాద్రి యని అభిమానముతో పిలుతురు.

సోమనాద్రి ముష్టిపల్లి వంశమువాడు. ఆయన పూర్వులు నాడగౌడులు. గ్రామముల శిస్తు వసూలుచేయుట, శాంతిని కాపాడుట వారి విధులు. సోమనాద్రి కాలము నెమ్మదిగల కాలము కాదు. ఔరంగజేబు 1656లో గోలకొండను ముట్టడించెను. 1687లో దానిని జయించెను. తుంగభద్రకు ఆవలి యొడ్డున కందనవోలు నవాబులు క్రమముగా బలవంతులైరి. ఇట్టి సమయమున చిన్న సంస్థానము నిలువవలెనన్న గట్టి కోట ఉండవలెను. సోమనాద్రి తన రాజధానిని పూడూరునుండి గద్వాలకు మార్చి, 1662 ప్రాంతమున కోటను కట్టించెనని చెప్పుదురు.

కోట యనగానే మనకు రాతిగోడలు తలపునకు వచ్చును. గోలకొండ రాతికోట. గద్వాలకు సమీపమున ఆలంపురములో చాళుక్యులు సోమనాద్రికి సుమారు వేయి యేండ్ల ముందే చెక్కుడు రాతితో ఆలయములు నిర్మించిరి. కాని గద్వాల కోట మట్టికోటగా పేరు పొందినది.

మట్టిగోడ పెట్టుట తేలిక పని యని తలపరాదు. నల్లరేగడి తడిసినచో ఉబ్బును, ఎండినచో పగులును; అది గోడకు తగదు. జిగిగల మట్టిని నానవైచి, గడ్డి కలిపి, కాళ్లతో బాగుగ త్రొక్కవలెను. ఒక వరుస ఆరిన పిదపనే రెండవ వరుస వేయవలెను. తొందరపడినచో పై బరువునకు అడుగు వరుస కుంగి, గోడ కూలును. గోడ అడుగున మిక్కిలి వెడల్పుగను, పైకి పోవుకొలది సన్నముగను ఉండవలెను. చుట్టును కందకము త్రవ్వగా వచ్చిన మన్ను గోడకే ఉపయోగపడును. ఫిరంగిగుండు తగిలినచో రాతిగోడ బీటలువారును; దళసరి మట్టిగోడ ఆ గుండును తనలో ఇముడ్చుకొనును.

మట్టి విలువ నెరిగినవారు మనవారు మాత్రమే కారు. రెండువేల యేండ్ల క్రితము రోము దేశమున విట్రూవియసు అను వాస్తుశాస్త్రజ్ఞుడు నిర్మాణవిద్యపై పది భాగముల గ్రంథము రచించెను. ఇండ్లకు వాడు పచ్చియిటుకలను రెండేండ్లు ఆరనీయవలెనని ఆయన నియమము. రోమీయులు సున్నములో అగ్నిపర్వతపు బూడిద కలిపి, నీటిలో సైతము గట్టిపడు గారను తయారుచేసిరి. మన పెద్దలు గానుగలో నూరిన సున్నముతో గోడలకు బలము చేకూర్చిరి. దేశములు వేరైనను, మంచి పనికి ఓర్పు కావలెనను పాఠము ఒక్కటే.

సోమనాద్రి కోటను నమ్ముకొని ఊరకుండలేదు. కందనవోలు నవాబుతో యుద్ధముచేసి గెలిచెననియు, అక్కడినుండి పెద్ద ఫిరంగిని తన కోటకు తెచ్చెననియు స్థానికులు చెప్పుకొందురు. కోటలో చెన్నకేశవస్వామి ఆలయము కూడ వెలసినది. ఆయన నెలకొల్పిన రాజధానిలో గద్వాల సంస్థానము ఇరువదవ శతాబ్ది నడుమ వరకు నిలిచినది. ఆ రాజుల పోషణలో పండితులు ఎందరో ఉండుటచే ఆ పట్టణమునకు విద్వద్గద్వాల యను పేరు వచ్చినది.

మట్టికి శత్రువు ఫిరంగి కాదు, వాననీరు. గండిపడిన చోట వెంటనే మట్టి మెత్తనిచో, నవాబు సేనలు చేయలేని పనిని నాలుగు వానలు చేయును. పాలమూరు సీమ గ్రామములలో మట్టిమిద్దెలు గలవారికి ఈ సంగతి బాగుగ తెలియును. వానాకాలమునకు ముందే వారు మిద్దెపై చౌడుమన్ను పరచి, నీరు దిగకుండ చేయుదురు. సోమనాద్రి కోటగోడలు నేడు పలుచోట్ల శిథిలములై యున్నవి. కోటను కట్టుటకు ఒక వీరుడు చాలును. దానిని కాపాడుటకు తరతరముల ప్రజలు పూనుకొనవలెను.