డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావుగారు

పరీక్షలో తప్పి ధైర్యము వీడిన విద్యార్థులకు ఈ మహనీయుని చరిత్రము తెలియుట యావశ్యకము.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు పర్యాయములు తప్పి, మూడవసారి చెన్నపురి హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. సోదరులిరువురు కొలది దినముల యెడములో గతించిరి. స్ప్రూ యను గ్రహణీవ్యాధి యా యింటికి గావించిన చేటును వారెన్నడును మరువలేదు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని యాగ్రహమునకు గురియగుటచే, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతోనే తృప్తి చెందవలసివచ్చెను.

1923లో భార్య శేషగిరిగారిని స్వదేశమున విడిచి, అమెరికాలోని బోస్టను నగరమునకేగి హార్వర్డు విశ్వవిద్యాలయమున ప్రవేశించిరి. అచ్చట సైరస్ ఫిస్కేగారితో కలసి, శరీరద్రవములందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఆ కొలతయే త్రోవచూపగా, కండరములందు 1927లో ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏ.టి.పి.ని వేరుపరచిరి. జర్మనీలో కార్ల్ లోమన్ కూడ ఆ యేడే ఏ.టి.పి.ని కనుగొనెను. జీవకణము తన పనులన్నిటికి శక్తిని వెచ్చించునది ప్రధానముగా నీ పదార్థపు రూపముననే యని తరువాత తేటపడెను. ఇంతచేసినను హార్వర్డులో వారికి శాశ్వతోద్యోగము లభింపలేదు.

1940లో లెడర్లె సంస్థలో చేరి, పరిశోధనాధ్యక్షులైరి. వారి బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా నిర్మించెను. కణము విభజింపబడుటకు ముందు తన జన్యుపదార్థమును ఇనుమడింపజేసికొనవలెను. ఫోలిక్ ఆమ్లము లేనిచో నది కుంటువడి, రక్తకణములు సరిగా పక్వము కావు. సోదరుల యుసురుదీసిన గ్రహణీవ్యాధికి నీ యామ్లమే చికిత్సలో నుపకరించుట విధివిచిత్రము! ఫోలిక్ ఆమ్లమును పోలియుండియు దాని పని నడ్డగించు అమినోప్టెరినును కూడ వారి బృందమే సిద్ధపరచెను. 1948లో సిడ్నీ ఫార్బరుగారు దానిచే రక్తక్యాన్సరు సోకిన బాలలకు తాత్కాలికముగ నుపశమనము కలుగుట లోకమునకు చాటిరి. కణమును పెంచు విద్యయే, విచ్చలవిడిగ పెరుగు కణమును నిలుపు విద్యయు నయ్యెను. మన పల్లెల నేడిపించిన బోదకాలు వ్యాధికి వాడు డైఇథైల్ కార్బమజైన్ సైతము వారి పర్యవేక్షణముననే వెలువడెను.

1948 ఆగస్టులో, 53వ యేట, న్యూయార్కునందు వారు దివంగతులైరి. విడిచిన స్వదేశమును మరల కన్నులార చూడలేదు. బ్రదికియుండగా వారిపేరు లోకమున మారుమ్రోగలేదు. వారి మందులు మాత్రము ఇంటింటికి చేరినవి. మన పిల్లలు రెండుమారులు తప్పినపుడు, మూడవమారు పరీక్షకు పంపు తల్లిదండ్రులుండిన చాలును.