యల్లాప్రగడ సుబ్బారావు

బాగేపల్లిలోనైనా, చింతామణిలోనైనా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళే గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన మాత్రలు ఇస్తారు. పై తరగతుల పిల్లలకు బడిలో కూడా ఇటువంటి మాత్రలు పంచుతారు. రక్తహీనత రాకుండా కాపాడే ఈ ఫోలిక్ ఆమ్లం ఆకుకూరలలో సహజంగా ఉంటుంది. లాటిన్‌లో ఆకును సూచించే మాట నుండే దానికి ఆ పేరు వచ్చింది. 1941లో అమెరికాలోని టెక్సాస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరను వడగట్టి, అందులో నుండి ఈ పదార్థాన్ని అతి కొద్దిగా మాత్రమే తీయగలిగారు. ఇంత అరుదైన దానిని ప్రయోగశాలలో తయారుచేసి, మాత్రగా మార్చడానికి దారి చూపిన బృందానికి నాయకుడు ఒక తెలుగువాడు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. పెద్ద సంసారం, చాలీచాలని రాబడి. బాలుడైన సుబ్బారావుకు చదువు మీద అంతగా మనసు నిలవలేదు. పదమూడేళ్ళ వయసులో, కాశీ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించవచ్చునని ఇంటి నుండి పారిపోయారు. తల్లి వెనక్కి రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. రాజమండ్రిలో చదివి, చివరకు మద్రాసులో మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. పిదప సన్యాసం మీదికి మనసు పోయి రామకృష్ణ మఠాన్ని ఆశ్రయించగా, తల్లి అనుమతి లేనిదే కుదరదని వారు చెప్పారు. ఆమె ఒప్పుకోలేదు. అప్పుడు వైద్యం చదివి రోగులకు సేవ చేయదలచి మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. 1919లో శేషగిరితో వివాహం జరిగింది. చదువు ఖర్చులో మామగారు చాలావరకు ఆదుకొన్నారు.

అవి గాంధీజీ విదేశీ వస్త్రాలను విడిచిపెట్టమని పిలుపునిచ్చిన రోజులు. సుబ్బారావు శస్త్రచికిత్స గదికి కూడా ఖద్దరు అంగీతోనే వెళ్ళేవారు. ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు ఇది నచ్చలేదు. చదువులో వెనుకబడకపోయినా సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఇచ్చారు. ఆ అంగీ ఖరీదు ఆయన జీవితాంతం చెల్లించవలసి వచ్చిందనే చెప్పాలి.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. స్ప్రూ అనే వ్యాధి ఆయన సోదరులిద్దరిని కొద్ది రోజుల తేడాతో బలిగొన్నది. ఈ జబ్బులో తిన్నది ఒంటబట్టదు. విరేచనాలతో మనిషి క్షీణిస్తాడు, నెత్తురు తగ్గిపోతుంది. డాక్టర్లకు అప్పట్లో దీనికి మందు తెలియదు. సుబ్బారావుకు కూడా అదే వ్యాధి సోకగా, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బతికి బయటపడ్డారు. తరువాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలోనే ఉపాధ్యాయుడుగా పనిచేశారు. ఈ వ్యాధికి కారణమేమిటో, మందేమిటో తెలుసుకోవాలన్న పట్టుదల మాత్రం ఆయనను విడువలేదు.

కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు చేసిన సహాయంతో 1923 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రంలో ప్రవేశం దొరికింది కాని, తిండికి డబ్బు లేదు. ఇక్కడి పట్టాతో అక్కడ వైద్యం చేయడానికి వీలులేదు. అందుచేత ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పనిలో చేరారు. పగలు చదువు, రాత్రి పాకీపని. ఆయన బయలుదేరి వెళ్ళిన తరువాత పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. ఆ బిడ్డను ఆయన చూడనే లేదు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కె అనే ఆచార్యునితో కలిసి రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఫిస్కె–సుబ్బారావు పద్ధతిగా అది ప్రపంచమంతటా విద్యార్థులకు పాఠమైంది. ఆ కొలతతోనే కండరంలోని మరొక రహస్యం బయటపడింది. అంతవరకు లాక్టిక్ ఆమ్లం ఏర్పడటం వలననే కండరానికి శక్తి వస్తుందని నమ్మేవారు. ఆ కృషికి 1922 నోబెల్ బహుమతి కూడా లభించింది. ఫిస్కె, సుబ్బారావులు 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించారు. అది పనివేళ తగ్గుతుంది, విశ్రాంతివేళ మళ్ళీ పెరుగుతుంది. 1929లో ఎ.టి.పి. అనే పదార్థాన్ని కూడా వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో లోమాన్ కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు. జీవకణం చేసే ప్రతి పనికీ చెల్లించే నాణెం వంటిది ఎ.టి.పి. మన కణంలో జొరబడిన వైరసు తన ప్రతులను తయారుచేసుకోవడానికి సైతం మన ఎ.టి.పి.నే ఖర్చు పెడుతుంది.

1930లో డాక్టరేటు వచ్చింది. అయినా హార్వర్డ్‌లో శాశ్వతమైన ఆచార్య పదవి రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ఔషధ సంస్థలో చేరి, కొద్ది కాలానికే పరిశోధనలకు అధిపతి అయ్యారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే నెత్తురు పట్టింది, ఆకలి పుట్టింది. సోదరులు పోయిన పాతికేళ్ళ తరువాత మందు దొరికిందన్నమాట. ఆ ప్రకటన కింద ఉన్న శాస్త్రజ్ఞుల పేర్ల వరుసలో ఆయన పేరు కూడా ఒకటి, అంతే.

కథ అక్కడితో ఆగలేదు. కణం రెండుగా చీలాలంటే ముందు డి.ఎన్.ఏ.కు మరో ప్రతి తయారు కావాలి. దానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. రక్తకాన్సరులో తెల్లకణాలు అదుపు లేకుండా పెరుగుతాయి. బోస్టన్‌లో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్, ఈ కణాలకు ఫోలిక్ ఆమ్లం అందకుండా చేస్తే ఎలా ఉంటుందని ఆలోచించాడు. సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్నే కొద్దిగా మార్చి అమినాప్టెరిన్ అనే పదార్థాన్ని అందించింది. కణం దానిని అసలైనదిగా భ్రమించి పట్టుకొంటుంది. తాళంలో విరిగిన చెవి ఇరుక్కొన్నట్లు కణవిభజన నిలిచిపోతుంది. 1947 చివర ఆ మందు ఇవ్వడం మొదలైంది. 16 మంది పిల్లలలో 10 మందికి గుణం కనిపించిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ మేలు కొన్నాళ్ళే నిలిచి, వ్యాధి తిరగబెట్టింది. కాని రక్తకాన్సరును మందుతో వెనక్కి నెట్టవచ్చునని మొదటిసారి తెలిసింది. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను కాన్సరుకూ కీళ్ళవాతానికీ ఈనాటికీ వాడుతున్నారు.

గోదావరి జిల్లాలలో ఎందరినో పీడించిన బోదకాలుకు హెట్రజాన్ మందు 1947లో వెలువడింది ఆయన ప్రయోగశాల నుండే. భారతదేశంలో బోదకాలు నిర్మూలనకు ఊరూరా పంచినది ఈ మందునే. ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవనాశకాన్ని కూడా ఆయన ఆధ్వర్యంలో డగ్గర్ కనుగొన్నాడు.

1948 ఆగస్టు 8వ తేదీ రాత్రి నిద్రపోయిన సుబ్బారావు మరునాటి ఉదయం లేవలేదు. వయసు 53 సంవత్సరాలు. పాతికేళ్ళు అమెరికాలో గడిపినా ఆ దేశ పౌరసత్వం తీసుకోలేదు. మాతృదేశానికి తిరిగి రావడమూ పడలేదు. ఆయన శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ విడుదల చేసింది.