55 డిగ్రీల పెద్దాయన

బైక్ షెడ్డులో టార్క్ రెంచ్ చూసే ఉంటారు. సెట్ చేసిన అంకె రాగానే టక్‌మంటుంది, మెకానిక్ అక్కడితో ఆపేస్తాడు. నేను సీఎస్ఈ వాణ్ణే గానీ, ఆ టక్ వెనకున్న కథ నాకు భలే నచ్చింది.

బోల్టు బిగించడమంటే అసలు దాన్ని సాగదీయడం. నట్టు తిరిగేకొద్దీ బోల్టు స్ప్రింగులా కాస్త సాగి వెనక్కి లాగుతుంది. రెండు ముక్కల్నీ పట్టి ఉంచేది ఆ లాగుడే. సరిపడా సాగకపోతే వదులవుతుంది, మరీ సాగితే తెగుతుంది. చిక్కేంటంటే, మనం వేసే టార్క్‌లో సుమారు 90 శాతం రాపిడికే పోతుంది. సాగదీయడానికి మిగిలేది ఏ 10 శాతమో. త్రెడ్ గరుకుగా ఉంటే రెంచ్ టక్‌మంటుంది, కానీ బోల్టు చాలినంత సాగదు. అంటే ఆ అంకెకి అర్థం ఉండాలంటే ముందు త్రెడ్లన్నీ ఒకేలా ఉండాలి. ఆ పని మొదలుపెట్టినాయన జోసెఫ్ విట్‌వర్త్. టార్క్ రెంచ్ ఆయన పోయిన తర్వాతెప్పుడో వచ్చింది.

1803లో ఇంగ్లండ్‌లోని స్టాక్‌పోర్ట్‌లో పుట్టారు. పద్నాలుగేళ్లకి మేనమామ నూలు మిల్లులో పనికి చేర్చారు. ఆయనకి మిల్లు కంటే మిల్లులోని మెషీన్లు నచ్చాయి. కొన్నేళ్లకి అది వదిలేసి మాంచెస్టర్‌లో మెకానిక్‌గా చేరారు, 1825లో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే వర్క్‌షాప్‌కి వెళ్లారు. అప్పట్లో మెషీన్ పని నేర్చుకోవాలంటే అంతకన్నా మంచి చోటు లేదు.

సమతలమైన ఇనప పలక తయారుచేసే పద్ధతికి ఆయన ఒక రూపం తెచ్చింది అక్కడే. రెండు పలకల్ని ఒకదానికొకటి సరిచేసుకుంటూ పోతే రెండూ అతుక్కున్నట్టే కూర్చుంటాయి, కానీ ఒకటి గుంటగా, ఇంకొకటి ఉబ్బుగా ఉండొచ్చు. మూడు పలకలు తీసుకుని, ఏ రెండిటిని కలిపినా సరిగ్గా కూర్చునేదాకా ఎత్తుగా ఉన్నచోటల్లా గీకుతూ పోతే మూడూ సమతలం కాక తప్పదు. ముందే ఒక కరెక్ట్ పలక చేతిలో ఉండాల్సిన పని లేదు. ఆయన చేసినవాటన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైంది ఇదే.

1833లో మాంచెస్టర్ తిరిగొచ్చి సొంత షాపు పెట్టారు. అప్పటికి ఏ వర్క్‌షాప్ త్రెడ్ దానిదే. ఒక ఊళ్లో చేసిన ఇంజన్ బోల్టు ఇంకో ఊళ్లో పోతే, నట్టుతో సహా కొత్తది చేయించాల్సిందే. విట్‌వర్త్ దేశంలోని చాలా వర్క్‌షాపుల నుంచి బోల్టులు తెప్పించి కొలిచారు. 1841లో సివిల్ ఇంజనీర్ల సంస్థ ముందు తన పద్ధతి పెట్టారు. త్రెడ్ కోణం ఎప్పుడూ 55 డిగ్రీలు. పావంగుళం బోల్టుకి అంగుళానికి 20 చుట్లు, అరంగుళానికి 12, అంగుళం బోల్టుకి 8. ఈ 55 వెనక గొప్ప సిద్ధాంతమేమీ లేదు, అందరూ వాడుతున్నవాటి సగటు, అంతే. అందుకే జనం ఒప్పుకున్నారని నా అనుమానం. ఎవరి త్రెడ్డూ గెలవలేదు, కాబట్టి ఎవరూ ఓడిపోలేదు. ముందు రైల్వేలు తీసుకున్నాయి. క్రిమియా యుద్ధమప్పుడు గన్‌బోట్ల ఇంజన్లు హడావిడిగా కావాల్సొస్తే, వేర్వేరు వర్క్‌షాపుల్లో భాగాలు చేయించి ఒకచోట బిగించారు. అవి కలిశాయి.

ఆ తర్వాత అంగుళంలో పది లక్షల వంతు తేడాని కూడా పట్టే కొలత యంత్రం చేశారు, 1851లో లండన్ మహా ప్రదర్శనలో పెట్టారు. తుపాకీ కూడా చేశారు, ఆరు పలకల గొట్టంతో. గురి అద్భుతం, కానీ బ్రిటిష్ సైన్యం వద్దంది. తుపాకీ సంగతి అక్కడికి చాలు.

1868లో ఇంజనీరింగ్ చదివేవాళ్లకి ఏడాదికి 100 పౌండ్ల చొప్పున 30 స్కాలర్‌షిప్పులు పెట్టారు. పుస్తకం వస్తే చాలదు, చేతిపని కూడా రావాలి. మన ఫస్టియర్ వర్క్‌షాప్ ల్యాబ్‌లో ఫైలింగ్ చేస్తూ తిట్టుకున్నవాళ్లం ఇది గుర్తుంచుకోవాలి మరి. 1887లో మోంటే కార్లోలో పోయారు. పిల్లలు లేరు. ఆస్తిలో చాలావరకు మంచి పనులకే వెళ్లింది. మాంచెస్టర్‌లో ఆయన పేరుతో పార్కు, ఆర్ట్ గ్యాలరీ ఇప్పటికీ ఉన్నాయి.

ఆయన బతికుండగానే పోటీ వచ్చింది. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల త్రెడ్ ప్రతిపాదించారు. గుండ్రటి అంచు లేదు, చేయడం తేలిక, కొలవడం తేలిక. దాంతో రెండు దేశాలు, రెండు త్రెడ్లు. విట్‌వర్త్ అరంగుళం బోల్టుకి 12 చుట్లు, అమెరికా దానికి 13. ఆ నట్టు దీనికి ఎక్కదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకే పక్షాన పోరాడుతూ ఒకరి స్పేర్లు ఒకరికి పనికిరాక ఇబ్బంది పడ్డారు. చివరికి 1948లో బ్రిటన్, అమెరికా, కెనడా కలిసి 60 డిగ్రీలకి ఒప్పుకున్నాయి. మెట్రిక్ బోల్టులదీ అదే కోణం, బైక్ షెడ్డులో టక్‌మనేది ఎక్కువగా వాటి మీదే.

55 మాత్రం పూర్తిగా పోలేదు. నీళ్ల పైపుల త్రెడ్ ఇప్పటికీ విట్‌వర్త్‌దే. హాస్టల్లో ప్లంబర్ తెల్ల టేపు చుట్టి పానాతో బిగించే అరంగుళం ఇత్తడి కుళాయిని ఈసారి విప్పినప్పుడు చూడండి, అంగుళానికి 14 చుట్లు, 55 డిగ్రీలు.