పొరుగు దేశంలో కలుద్దామన్నవాడే ప్రధానమంత్రి అయ్యాడు: కెనడా నేత జాన్ అబట్ జీవితం

సరిహద్దు గ్రామాలలో పుట్టి పెరిగినవారికి ఒక సంగతి ఎవరూ బోధించనక్కరలేదు. పటంలో గీసిన గీత ఒకటి, సంతకు పోయే దారి మరొకటి. పంట ఏ ఊరికి తోలితే గిట్టుబాటవుతుందో ఆ వైపే మనసు లాగుతుంది. అయితే మన గీతలు ఒకే దేశంలోని రాష్ట్రాల మధ్య గీతలు. ఇటు కాదని అటు వెళ్లినా దేశం మారదు. ఏకంగా దేశాన్నే మార్చుకుందామని చదువుకున్నవారు, ధనవంతులు, పరువుగలవారు బహిరంగంగా సంతకాలు చేసిన సందర్భాలు చరిత్రలో అరుదు. అటువంటి సంతకం చేసి, నలభై రెండేళ్ల తరువాత తాను వద్దనుకున్న ఆ దేశానికే ప్రధానమంత్రి అయిన వ్యక్తి జాన్ జోసెఫ్ కాల్డ్‌వెల్ అబట్. దేశం కెనడా. కలవాలనుకున్నది అమెరికా సంయుక్త రాష్ట్రాలలో.

2025లో అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ కెనడాను తమ 51వ రాష్ట్రం చేసుకోవాలని పదే పదే అన్నప్పుడు కెనడా ప్రజలు మండిపడ్డారు. అదే మాట ఒకనాడు కెనడా లోపలి నుంచే, అదీ మాంట్రియల్ నగరపు వర్తక ప్రముఖుల నుంచే వచ్చిందన్నది చాలామందికి గుర్తులేదు.

అబట్ 1821 మార్చి 12న, నేటి క్విబెక్ రాష్ట్రంలో, ఒటావా నదికి చేరువనున్న సెయింట్ ఆండ్రూస్ అనే ఊరిలో జన్మించాడు. తండ్రి జోసెఫ్ అబట్ ఇంగ్లండు నుంచి వచ్చిన ఆంగ్లికన్ మతప్రచారకుడు. చుట్టూ ఫ్రెంచివారు అధికసంఖ్యాకులుగా ఉన్న ప్రాంతంలో ఇంగ్లీషు మాట్లాడే చిన్న సమాజం వారిది. పదిహేడేళ్ల ప్రాయంలో జాన్ మాంట్రియల్ చేరి బట్టల కొట్టులో పనికి కుదిరాడు. కొంతకాలం ధాన్యం వ్యాపారి వద్ద కూడా పనిచేశాడు. 1843లో మెక్‌గిల్ కళాశాలలో న్యాయశాస్త్రం చదవనారంభించి, 1847లో న్యాయవాది అయ్యాడు. 1849లో మేరీ బెతూన్‌ను వివాహమాడాడు. ఆ దంపతులకు ఎనమండుగురు సంతానం.

ఆయన పెళ్లి జరిగిన ఆ ఏడే మాంట్రియల్ అట్టుడికిపోయింది. కారణం తెలియాలంటే గోధుమల సంగతి కొంత చెప్పుకోవాలి. బ్రిటన్ ఎంతోకాలంగా విదేశీ ధాన్యంపై పెద్ద సుంకం వేస్తూ, తన వలసల నుంచి వచ్చే ధాన్యానికి మినహాయింపు ఇస్తూ వచ్చింది. 1843లో చేసిన చట్టంతో కెనడా నుంచి వచ్చే గోధుమలకూ పిండికీ నామమాత్రపు సుంకమే మిగిలింది. అమెరికాలో పండిన గోధుమలైనా సరే, కెనడా మరలలో పిండి చేస్తే ఆ లాభం దక్కేది. దీనిని నమ్ముకుని వర్తకులు అప్పులు తెచ్చి పిండిమరలు కట్టారు, గిడ్డంగులు లేపారు. సెయింట్ లారెన్స్ నదిపై కాలువల కోసం ప్రభుత్వం కూడా అప్పుల పాలయింది. మూడేళ్లు తిరగకుండానే, 1846లో, బ్రిటిష్ పార్లమెంటు తన ధాన్య చట్టాలను రద్దు చేసింది. ఇంగ్లండులోని పేదవాడికి రొట్టె చౌక కావడానికి అది మేలే. కానీ మాంట్రియల్ మరలవారికి కాళ్ల కింద నేల కదిలినట్లయింది. దక్షిణాన కూతవేటు దూరంలో అమెరికా అనే పెద్ద బజారు ఉంది గాని, దానికి అడ్డంగా సుంకాల గోడ ఉంది.

దానికి తోడు రాజకీయమైన కోపం. 1837, 1838 సంవత్సరాల తిరుగుబాట్లలో ఆస్తులు నష్టపోయినవారికి పరిహారం ఇచ్చే బిల్లుపై గవర్నర్ జనరల్ ఎల్గిన్ ప్రభువు 1849 ఏప్రిల్ 25న ఆమోదముద్ర వేశాడు. తిరుగుబాటుదార్లకే సొమ్ము పోతున్నదని ఇంగ్లీషువారు రగిలిపోయారు. గవర్నరు బండిపై గుడ్లు, రాళ్లు పడ్డాయి. ఆ రాత్రి అల్లరిమూక పార్లమెంటు భవనాన్నే తగులబెట్టింది. రాజధాని ప్రతిష్ఠ కూడా మాంట్రియల్‌కు దక్కకుండా పోయింది.

అక్టోబరులో వెలువడింది విలీన ప్రకటన. మొదటి పట్టీలో మూడు వందలకు పైగా సంతకాలు. తరువాత వెయ్యి దాటాయి. సారా పరిశ్రమకు పేరుపడ్డ మోల్సన్ కుటుంబీకులు, కట్టడాల గుత్తేదారు జాన్ రెడ్‌పాత్, తరువాతి కాలంలో కెనడాకు ఆర్థికమంత్రులైన అలెగ్జాండర్ గాల్ట్, జాన్ రోజ్ అందులో ఉన్నారు. ఇరవై ఎనిమిదేళ్ల యువ న్యాయవాది అబట్ కూడా సంతకం చేశాడు. ఆ పత్రం తిరుగుబాటు పిలుపు కాదు. బ్రిటన్ అనుమతితో శాంతియుతంగా విడిపోయి, న్యాయమైన షరతులపై అమెరికాలో చేరుదామన్నది దాని సారాంశం. భూముల ధర పెరుగుతుంది, పెట్టుబడి వస్తుంది, రైలుమార్గాలు పడతాయి, పొలంలో పండినదానికి ధర దొరుకుతుంది అన్నది వాదం. రాజభక్తికి తామే కావలివారమని చెప్పుకుంటూ వచ్చిన ఇంగ్లీషు వర్తకులే రాణిని విడుద్దామనడం ఒక వింత. వారికి బద్ధవిరోధులైన ఫ్రెంచి విప్లవవాది లూయీ జోసెఫ్ పపినో అనుయాయులు వారి పక్కన నిలబడటం మరొక వింత. వీరు మాంట్రియల్‌లో విలీన సంఘం ఒకటి పెట్టారు. అమెరికా సరిహద్దుకు దగ్గరగా ఉన్న షెర్‌బ్రూక్ ప్రాంతంలో 1850లో జాన్ శాన్‌బార్న్ అనే విలీనవాది శాసనసభకు ఎన్నికయ్యాడు కూడా.

అంతకు మించి ఆ ఉద్యమం సాగలేదు. ఫ్రెంచి ప్రజలలో అధికభాగం, వారి కథోలిక మతగురువులు ససేమిరా అన్నారు; అమెరికాలో కలిస్తే తమ భాష, మతం, చట్టం నిలుస్తాయన్న నమ్మకం వారికి లేదు. ఎగువ కెనడా కదలలేదు. అమెరికాలో కూడా పెద్దగా ఉత్సాహం కనిపించలేదు. బానిసత్వం లేని రాష్ట్రాలు మరికొన్ని చేరితే తమ బలం తగ్గుతుందని దక్షిణ రాష్ట్రాల భయం. ఎల్గిన్ ప్రభువు సంతకం చేసిన ప్రభుత్వ పదవీధారులను వివరణ అడిగి, వెనక్కి తగ్గనివారి పదవులు ఊడబెరికాడు. రోజ్ తన న్యాయవాద హోదాను పోగొట్టుకున్నాడు.

ఎల్గిన్ దండనతో సరిపెట్టుకోలేదు. రోగం మార్కెట్టులో ఉన్నదని ఆయన గ్రహించాడు. స్వయంగా వాషింగ్టన్ వెళ్లి 1854లో అమెరికాతో పరస్పర వాణిజ్య ఒప్పందం కుదిర్చాడు. ధాన్యం, కలప, చేపలు, బొగ్గు వంటి ముడి సరుకులకు రెండు వైపులా సుంకం తొలగింది. దానితో విలీనం మాట దాదాపు ఎవరి నోటా వినిపించలేదు. ఈ ఎల్గినే తరువాత 1862లో మన దేశానికి వైస్రాయిగా వచ్చి, మరుసటి ఏడే హిమాలయ ప్రాంతంలోని ధర్మశాలలో మరణించాడు. ఆయన సమాధి నేటికీ అక్కడే ఉంది.

అబట్ విషయానికి వస్తే, ఆ సంతకం ఆయనను వదలలేదు. 1861 చివరలో అమెరికా అంతర్యుద్ధ సమయంలో, ట్రెంట్ అనే బ్రిటిష్ ఓడను అమెరికా నౌకాదళం ఆపి దక్షిణాది దూతలను పట్టుకుపోయినప్పుడు రెండు దేశాల మధ్య యుద్ధం వచ్చేట్లే కనిపించింది. అప్పుడు అబట్ తన నియోజకవర్గమైన ఆర్జెంటాయ్ నుంచి మూడు వందల మందిని కూడగట్టి సైనికదళం ఏర్పాటు చేశాడు. లెఫ్టినెంట్ కర్నల్ హోదా పొందాడు. పన్నెండేళ్ల కిందట ఏ దేశంలో చేరుదామన్నాడో, ఆ దేశం నుంచే సరిహద్దును కాపాడడానికి సిద్ధమయ్యాడన్నమాట. పాత మచ్చ కడుక్కోవడానికే ఇదంతా అని శత్రువులు అనుకుని ఉంటే ఆశ్చర్యం లేదు.

మూడేళ్లకు సరిహద్దు ఆయన కార్యాలయం గుమ్మంలోకే వచ్చింది. 1864 అక్టోబరు 19న దక్షిణాది సైనికులు ఇరవై మంది దాకా కెనడా వైపు నుంచి వెళ్లి, అమెరికాలోని సెయింట్ ఆల్బన్స్ పట్టణంలో మూడు బ్యాంకులు దోచి, రెండు లక్షల డాలర్లకు పైగా సొమ్ముతో తిరిగి కెనడాలోకి పారిపోయారు. పట్టుబడినవారిని అమెరికా తనకు అప్పగించమన్నది. వారి తరఫున వాదించిన న్యాయవాదులలో అబట్ ముఖ్యుడు. వారు దొంగలు కారు, యుద్ధంలో ఉన్న ఒక సైన్యానికి చెందినవారు, కనుక అప్పగింత చెల్లదు అన్నది ఆయన వాదన. అది నెగ్గింది. అమెరికా ఆగ్రహం మాత్రం మిగిలింది. ఎల్గిన్ కుదిర్చిన వాణిజ్య ఒప్పందం 1866లో రద్దు కావడానికి ఆ ఆగ్రహం కూడా ఒక కారణం. ఒకనాడు అమెరికా బజారు కోసం సంతకం చేసినవాడి వాదన, ఆ బజారు తలుపు మూతపడడానికి ఎంతో కొంత తోడ్పడింది.

వలసలు కలిసి 1867లో కెనడా సమాఖ్య ఏర్పడుతున్నప్పుడు అబట్‌కు బెంగ పట్టుకున్నది. క్విబెక్‌లో తమవంటి ఇంగ్లీషువారు ఫ్రెంచి జనసముద్రంలో కలిసిపోతారేమోనని ఆయన భయం. ఇంగ్లీషువారు నివసించే పన్నెండు నియోజకవర్గాల హద్దులను, ఆ ప్రాంత సభ్యులలో అధికసంఖ్యాకుల సమ్మతి లేకుండా మార్చరాదన్న నిబంధన రాజ్యాంగ చట్టంలో చేరడంలో ఆయన పాత్ర ఉంది. పొరుగు భాషవారి నడుమ బతికే మన పాఠకులకు ఆ బెంగ ఎటువంటిదో వేరే చెప్పాలా?

ఈ మధ్యలోనే ఆయన దేశంలోని అగ్రశ్రేణి వాణిజ్య న్యాయవాది అయ్యాడు. 1855 నుంచి 1880 వరకు మెక్‌గిల్ న్యాయశాస్త్ర విభాగానికి అధిపతి. అక్కడ చదివిన శిష్యులలో విల్ఫ్రిడ్ లారియే ఒకడు. 1872 ఎన్నికల వేళ ప్రధాని జాన్ మెక్‌డొనాల్డ్ మరో పదివేల డాలర్లు కావాలంటూ పంపిన తంతివార్త వచ్చింది అబట్‌కే. ఆయన రైల్వే గుత్తేదారు హ్యూ అలెన్‌కు న్యాయసలహాదారు. అబట్ కార్యాలయపు గుమాస్తా ఆ కాగితాలను కాజేసి ప్రతిపక్షానికి అమ్మడంతో మెక్‌డొనాల్డ్ ప్రభుత్వం 1873లో కూలిపోయింది. ఆయన పరువుకు దెబ్బ తగిలింది, వృత్తికి తగలలేదు. 1880లో కెనడియన్ పసిఫిక్ రైల్వే ఒప్పందపత్రం రాయించింది ఆయన చేతనే. 1885 నవంబరులో పూర్తయిన ఆ రైలుదారి వాణిజ్యాన్ని దక్షిణానికి జారిపోనీయకుండా తూర్పు నుంచి పడమటికి మళ్లించింది. 1849 ప్రకటనకు అసలైన జవాబు ఏదైనా ఉంటే అది ఆ ఇనుప పట్టాలే అని నాకు తోస్తుంది.

1887లో సెనేటర్, అదే ఏడు మాంట్రియల్ మేయరు. 1889లో సెనేట్ సభలో పాత సంతకం మళ్లీ ప్రస్తావనకు వచ్చింది. అదంతా కొద్దివారాల కోపావేశమేనని, అలిగిన పసివాడు ఆయాను కొట్టినంత మాత్రాన చంపాలని కాదు గదా అనే ధోరణిలో ఆయన సంజాయిషీ చెప్పుకున్నాడు. ఈ సంజాయిషీని పూర్తిగా ఒప్పుకోవడం కష్టం. కోపం నిజమే. కానీ ఆ పత్రం పసివాడి అలక కాదు. లెక్కలు చూసుకుని, వాదం పేర్చి, పేర్లు బహిరంగంగా రాసి అచ్చువేయించినది. ఇంటి పెద్ద తమ గోడు పట్టించుకోలేదన్న నిస్పృహతో పొరుగింటి తలుపు తట్టారు. ఆ మాట నిజాయితీగా చెప్పి ఉంటే ఆయనకు మరింత గౌరవంగా ఉండేది.

1891 ఎన్నికలు విచిత్రమైనవి. శిష్యుడైన లారియే నాయకత్వంలో లిబరల్ పార్టీ అమెరికాతో అడ్డులేని వాణిజ్యం కావాలన్నది. అది దొడ్డిదారిన విలీనమేనని మెక్‌డొనాల్డ్ దేశమంతా ప్రచారం చేసి మార్చి 5న గెలిచాడు. నిజంగా విలీనానికి సంతకం చేసినవాడు తన పక్కనే సెనేట్‌లో కూర్చున్నాడన్నది ఆయనకు అడ్డురాలేదు. జూన్ 6న మెక్‌డొనాల్డ్ కన్నుమూశాడు. సమర్థుడైన జాన్ థాంప్సన్ కథోలిక మతం పుచ్చుకున్నవాడు కావడంతో ఒంటారియో ప్రొటెస్టెంట్లు ఒప్పుకోలేదు. చివరకు ఎవరికీ అంతగా అభ్యంతరం లేని డెబ్బయ్యేళ్ల అబట్‌ను జూన్ 16న ప్రధానిని చేశారు. రాజకీయమంటే తనకు గిట్టదని బాహాటంగానే చెప్పుకున్న మనిషి ఆయన. కెనడా గడ్డపై పుట్టిన తొలి ప్రధాని ఆయనే. సెనేట్ నుంచి దేశాన్ని పాలించిన మొదటివాడూ ఆయనే.

ఆయన పదవిలో ఉన్న రోజులలోనే గోల్డ్‌విన్ స్మిత్ అనే పండితుడు గ్రంథం రాసి మరీ అమెరికాతో ఐక్యం కావాలని వాదిస్తున్నాడు. 1892లో అబట్ మంత్రులు వాణిజ్య ఒప్పందం కోసం వాషింగ్టన్ వెళ్లి వట్టి చేతులతో తిరిగి వచ్చారు. లంచాల కుంభకోణాలతో కుంగిన పార్టీని ఆయన మాత్రం ఓర్పుతో నిలబెట్టాడు. ఉప ఎన్నికలలో అధికభాగం గెలిపించాడు. ఆరోగ్యం సహకరించక 1892 నవంబరులో థాంప్సన్‌కు పదవి అప్పగించాడు. సెన్‌విల్‌లోని తన తోటలో ఆర్కిడ్ పూలు, గెర్న్‌సీ జాతి ఆవులు ఆయనకు ఇష్టమైన వ్యాపకాలు. వాటితో గడిపే తీరిక ఎక్కువ కాలం దక్కలేదు. 1893 అక్టోబరు 30న మాంట్రియల్‌లో మరణించాడు.

శిష్యుడు లారియే 1896లో ప్రధాని అయ్యాడు. అబట్ పట్టుపట్టి కాపాడిన ఆ పన్నెండు నియోజకవర్గాల హద్దుల నిబంధన వంద సంవత్సరాలకు పైగా నిలిచి, 1970లో క్విబెక్ శాసనసభ చేసిన చట్టంతో తొలగిపోయింది.